కొత్త బండికి నలభై గీత ఎవరు గీశారు?

మొన్న మా మేనల్లుడు విజయనగరంలో కొత్త బండి తీసుకున్నాడు. 125 సీసీ. షోరూం నుంచి నేరుగా మూడు లాంతర్ల దగ్గరికి, పైడితల్లి అమ్మవారి గుడికి తీసుకెళ్లాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, హ్యాండిల్‌కు దండ కట్టించి ఇంటికి వచ్చేలోపు వాడి చెవిలో నాలుగు రకాల సలహాలు పడ్డాయి. తాళాలు ఇచ్చిన షోరూం కుర్రాడు "ఫస్ట్ సర్వీసు దాకా యాభై దాటకండి సార్" అన్నాడు. మా బావ, అంటే వాడి తండ్రి, యాభై కూడా ఎక్కువే, నలభై చాలు అన్నాడు. సందు చివర షెడ్డు మెకానిక్ మాత్రం నవ్వేసి, "అలగ ముసలోడిలాగ తోల్తే బండి ఎప్పటికీ లాగదు బాబూ, ఇప్పుడే బాగా లాగించాల" అన్నాడు. ఇక ఫోన్‌లో ఏదో వీడియోలో, మొదటి ముప్పై కిలోమీటర్లూ ఫుల్లుగా తిప్పకపోతే ఇంజిన్ జన్మంతా మొద్దుగానే ఉండిపోతుందని చెప్పారట.

"మావయ్యా, ఈళ్లలో ఎవరి మాట ఇనమంటావు?" అని వాడి ప్రశ్న.

అందరి మాటా కొంచెం కొంచెం విను అంటే తప్పించుకున్నట్టు ఉంటుంది. కానీ తిరగేసి చూస్తే నలుగురి మాటలోనూ ఒక నిజం ముక్క ఉంది. చిక్కేమిటంటే ఒక్కొక్కరూ ఒక్కో కాలం నాటి ఇంజిన్‌ను మనసులో పెట్టుకుని మాట్లాడారు. ఆ ముడి విప్పాలంటే ముందు బోరు లోపలికి తొంగిచూడాలి.

ఇంజిన్‌లో సెట్ అయ్యేది ఏమిటి

"ఇంజిన్ సెట్ అవ్వాలి" అని అందరం అంటాం. సెట్ అయ్యేవాటిలో ముఖ్యమైనవి పిస్టన్ రింగులు. పిస్టన్ అల్యూమినియంది. అది పైకీ కిందికీ ఆడే సిలిండర్ గొట్టాన్నే మనం బోరు అంటాం. పిస్టన్‌కూ బోరు గోడకూ మధ్య ఉండే సందు తలవెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందును మూసేవి రింగులు. మన మామూలు బళ్లలో మూడు ఉంటాయి. పై రెండూ మండిన గ్యాసు కిందికి జారిపోకుండా ఆపుతాయి. మూడోది గోడకు అంటిన ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది.

బోరు లోపల అద్దంలా ఉంటుందని అనుకుంటాం. కొత్త బోరు అలా ఉండదు, ఉండకూడదు కూడా. ఫ్యాక్టరీలో ఆఖరి పనిగా దానికి హోనింగ్ చేస్తారు. సన్నటి సానరాళ్లు గిరగిరా తిరుగుతూ, పైకీ కిందికీ కదులుతూ గోడంతా ఏటవాలు గీతలు పెడతాయి. ఒక వరస ఇటు వాలితే ఇంకో వరస అటు వాలుతుంది. దగ్గరగా చూస్తే తాటాకు చాప అల్లికలా ఉంటుంది. ఆ గీతల లోతుల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన గరుకు ఉందే, అది రింగు అంచును కొద్దికొద్దిగా అరగదీస్తుంది. రింగు ఆ గరుకును అరగదీస్తుంది. ఇద్దరూ ఒకరికొకరు సరిపోయేదాకా ఈ పని సాగుతుంది.

మా అమ్మమ్మ కొత్త రోలు కొంటే ఆ రోజే పప్పు రుబ్బేది కాదు. ముందు ఊక, తవుడు వేసి రుబ్బి, రాతిపొడి కలిసిన ఆ ముద్దను పారబోసి, కడిగి, మళ్లీ రుబ్బేది. రెండు మూడు సార్లు అలా అయ్యాకే రోలు వంటింటి పనికి వచ్చేది. మూలన పెట్టి ఉంచితే రోలు పదునుకు రాదు. అలాగని మొదటి ముద్ద ఎవరూ తినరు. ఇంజిన్ సంగతిలోనూ ఈ రెండు ముక్కలూ గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

ఇప్పుడు అసలు కీలకం. రింగును గోడకు నొక్కేది ఏది? రింగు ఒకచోట తెగి ఉండే స్ప్రింగు లాంటిది, కాబట్టి దానంతట అది కొంచెం విచ్చుకుంటుంది. కానీ ఆ బలం చిన్నది. గట్టిగా నొక్కేది మండే గ్యాసే. పైన పెట్రోల్ ఆవిరి మండగానే పుట్టే ఒత్తిడి రింగు పైఅంచు మీదుగా, అది కూర్చున్న పిస్టన్ గాడిలోకి దూరి, రింగు వెనక్కి చేరి, దాన్ని లోపలి నుంచి గోడ వైపు తోస్తుంది. ఎక్స్‌లేటర్ బాగా తిప్పినప్పుడు ఆ ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి నలభై రెట్లు కూడా దాటుతుంది. మెల్లగా పోతున్నప్పుడు అందులో చిన్న వంతే ఉంటుంది. అంటే ఇంజిన్‌కు అసలు పని చెప్పకపోతే రింగు గోడకు ఆనదు, రెండూ సరిగ్గా కలవవు. మెకానిక్ మాటలో ఉన్న నిజం ఇది. వీడియో వాడి మాటలో ఉన్న నిజమూ ఇదే.

మరి రెండో వైపు? కొత్త రింగు, కొత్త గోడ గరుకుగరుకుగా రాసుకుంటున్నప్పుడు వేడి మామూలు కన్నా ఎక్కువ పుడుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనప బోరు కన్నా దాదాపు రెట్టింపుగా వ్యాకోచిస్తుంది. ఎడాపెడా లాగించి ఆ వేడికి తీరిక ఇవ్వకపోతే సందు ఇంకా తగ్గి, మధ్యలోని ఆయిల్ పొర తెగి, లోహం మీద లోహం రాసుకుని నిలువు గీతలు పడతాయి. వాటిని మాత్రం ఏ సర్వీసూ చెరపలేదు. షోరూం కుర్రాడి జాగ్రత్తకు కారణం ఇది.

కాబట్టి కావలసింది ఒత్తిడి, ఆ వెంటనే విడుపు. మళ్లీ ఒత్తిడి, మళ్లీ విడుపు. కాసేపు లాగించి ఎక్స్‌లేటర్ వదిలేస్తే ఇంజిన్ బ్రేకు పడుతుంది కదా, అప్పుడు బోరు పైభాగంలో పీడనం పడిపోయి కొద్దిగా ఆయిల్ రింగుల దాకా పైకి లాగబడుతుంది. అది చల్లారుస్తుంది, అరిగిన పొడిని కడుగుతుంది.

ఇదంతా ఏ స్థాయిలో జరుగుతుందో ఒక లెక్క చూడండి. స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. పిస్టన్ ఒకసారి పైకి వెళ్తే ప్రయాణించే దూరం 49.5 మి.మీ. గంటకు యాభై వేగంలో ఇంజిన్ నిమిషానికి ఇంచుమించు 5000 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. ఒక్కో చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. అంటే నిమిషంలో 10,000 పరుగులు, దాదాపు అర కిలోమీటరు. ఆ వేగంలో 500 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మొదటి సర్వీసు దాకా, పూర్తవ్వడానికి పది గంటలు పడుతుంది. ఆలోగా ఇంజిన్ 30 లక్షల చుట్లు తిరిగి, పిస్టన్ అరచేతిలో పట్టే గొట్టంలోనే దాదాపు 300 కిలోమీటర్లు పరిగెత్తి ఉంటుంది. రింగుల పని చాలావరకు ఈ పది గంటల్లో మొదటి భాగంలోనే తేలిపోతుంది. తర్వాతిది మెరుగులు దిద్దడం. 500 అనే అంకె దగ్గర గంట కొట్టినట్టు ఏదీ మారిపోదు.

అద్దంలా మెరిసిన బోరు

ఇది నాకు పుస్తకంలో కన్నా ముందు చేతి చమురు వదిలాకే తెలిసింది. 2008లో నా మొదటి బండి కొన్నాను. కంపెనీ పేరు అనవసరం, తప్పు దానిది కాకపోవచ్చు. నాకూ "నలభై దాటొద్దు" అనే చెప్పారు. నేను అక్షరాలా పాటించాను. విజయనగరం నుంచి నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం దాకా, టాప్ గేరులో, సరిగ్గా నలభైలో, ముల్లు కదలకుండా. అప్పుడది ఎన్‌హెచ్-5. ఇప్పుడు ఎన్‌హెచ్-16. తిన్నగా, బల్లపరుపుగా ఉండే రోడ్డు. వెయ్యి కిలోమీటర్లు అలాగే తోలి, నా అంత బుద్ధిమంతుడు లేడనుకున్నాను.

పదిహేను వేలు దాటేసరికి బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. షెడ్డుకు తీసుకెళ్తే హెడ్డు విప్పి, బోరు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు మెకానిక్. "ఏటి కనబడతంది?" అన్నాడు. మెరుస్తోంది, నా మొహం లీలగా కనబడుతోంది. బాగానే ఉంది కదా అన్నాను. "అదే రోగం. గోటితో గీకి సూడు" అన్నాడు. గీకితే గోరు జారిపోయింది. పక్కనే హోనింగ్ చేయించి తెచ్చిన ఇంకో బోరు ఉంది. దాన్ని గీకమన్నాడు. సన్నటి ఆకురాయి మీద గీకినట్టు గోరు కింద గరగరమంది.

నా బోరులో ఆ గీతలు లేవు. అరిగిపోలేదు, పూడిపోయాయి. రింగులు సరిగా ఆనకపోతే ఆయిల్ పల్చటి పొరగా గోడ మీద మిగిలి, మంట వేడికి మాడి, వార్నిష్‌లా గట్టిపడుతుంది. దాన్ని గ్లేజింగ్ అంటారు. ఆ పొర మీద రింగు జారడమే తప్ప పట్టు ఉండదు. గీతలు పూడాక ఆయిల్ నిలిచే చోటూ ఉండదు. ఒక్కసారి ఇలా అయ్యాక ఎంత లాగించినా రింగులు కూర్చోవు. బోరు కొలత తప్పలేదు కాబట్టి బోరు వెడల్పు చేసి పెద్ద పిస్టన్ (ఓవర్‌సైజ్) వేసేదాకా పోకుండా, లేత్ షాపులో హోనింగ్ చేయించి కొత్త రింగులు వేస్తే సరిపోయింది.

ఒక్క బండి కథ రుజువు కాదని నాకూ తెలుసు. ఆయిల్ మార్చడంలో నేను చేసిన బద్ధకం కూడా అందులో ఉండొచ్చు. కానీ ఆ అద్దం చూశాక ఒకటి అర్థమైంది. స్పీడోమీటర్ చెప్పేది చక్రం సంగతి, ఇంజిన్ సంగతి కాదు. రెండో గేరులో నలభై అంటే ఇంజిన్ గోల పెడుతూ ఉంటుంది. టాప్ గేరులో ఖాళీ రోడ్డు మీద నలభై అంటే దానికి పనే లేదు. అదే టాప్ గేరు నలభైలో వెనక ఇద్దర్ని ఎక్కించుకుని మిట్ట ఎక్కిస్తే దడదడలాడుతూ ఈడుస్తుంది. తక్కువ చుట్లలో పెద్ద బరువు పడటం కొత్త బేరింగులకు అన్నిటికన్నా చేటు. మూడు సందర్భాల్లోనూ ముల్లు నలభై మీదే ఉంటుంది. మరి "నలభై దాటొద్దు" అనే మాటకు అర్థం ఏముంది?

బావగారి నలభై ఎక్కడిది

అర్థం ఒకప్పుడు ఉండేది. మా బావ బండి నేర్చుకున్నది టూ స్ట్రోక్ రోజుల్లో. చేతక్‌లు, రాజ్‌దూత్‌లు, 1985 నుంచి 1996 దాకా తయారైన ఆర్‌ఎక్స్ 100లు. బంకులో పెట్రోల్‌తో పాటు 2టీ ఆయిల్ కొలిపించి పోయించుకునే కాలం. ఆ ఇంజిన్ ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది, ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకు ఒకసారి. కాబట్టి వేడి ఎక్కువ. బోరు గోడకు కిటికీల్లా రంధ్రాలు ఉంటాయి, రింగులు వాటిని దాటుకుంటూ తిరగాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిస్టన్‌కు అందే ఆయిల్ పెట్రోల్ వెంట వచ్చేదే. ఫోర్ స్ట్రోక్‌లో లాగా కింద ఆయిల్ మడుగు, దాన్ని పైకి చిమ్మే పంపు ఉండవు.

సాలూరు ఘాట్ దిగుతూ ఎక్స్‌లేటర్ మూసేస్తే పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గిపోయేది. చక్రం మాత్రం ఇంజిన్‌ను గిరగిరా తిప్పుతూనే ఉండేది. కొత్త బండి అయితే పిస్టన్ అక్కడికక్కడే పట్టేసేది, వెనక చక్రం బిగుసుకుపోయేది. అందుకే ఆ తరం వాళ్ల వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటాయి, గమనించండి. బావ ఇప్పటికీ స్కూటీ నడుపుతూ లేని క్లచ్ కోసం వేళ్లు ఆడిస్తాడు. జామ్ అయిన బండిని చింతచెట్టు కింద ఆపి, చల్లారాక కిక్కు కొట్టి మళ్లీ బయల్దేరిన వాళ్లకు "నలభై" అనేది అనుభవం చెప్పిన మాట.

1985లోనే సీడీ 100 వచ్చింది, 1994లో స్ప్లెండర్ వచ్చింది. మెల్లగా ఫోర్ స్ట్రోక్ బళ్లు ఊళ్లను నింపేశాయి. ఇంజిన్ మారింది, సూత్రం మాత్రం మారకుండా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేసింది. ఈలోగా ఫ్యాక్టరీల్లో పని కూడా మారింది. ఇప్పుడు హోనింగ్ చేశాక పైపైన మిగిలే వాడి కొసల్ని అక్కడే సాన పట్టి తీసేస్తున్నారు. పాతకాలంలో మనం వెయ్యి కిలోమీటర్లలో చేసిన పనిలో పెద్ద భాగం బండి బయటికి రాకముందే అయిపోతోంది. ఖరీదైన బళ్లలో ఇనప గొట్టం బదులు అల్యూమినియం మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది. అది ఇంకా గట్టిది, గోడ దాదాపు అరగదు.

వీడియో సలహా ఇంకో లోకం నుంచి వచ్చింది. అది రేసింగ్ ఇంజిన్లు కట్టుకునే వాళ్ల అలవాటు. వాళ్లు ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, లాగించి, వెంటనే వదిలి, మళ్లీ లాగించి, ఆ వెంటనే ఆయిల్ మార్చేస్తారు. పైగా కొన్నాళ్లకే ఇంజిన్ విప్పి చూసుకుంటారు. ఈ కథలోంచి "లాగించి" అనే ముక్క మాత్రమే మన ఫోన్ల దాకా వచ్చింది. వదలడం, ఆయిల్ మార్చడం దారిలో రాలిపోయాయి. ఇంకో మాట. కొత్త బండిని ఫ్యాక్టరీ చివర్లోనే రోలర్ల మీద పెట్టి నడిపి చూస్తారు. గోదాములోంచి లారీలోకి, లారీలోంచి షోరూంలోకి, వాషింగ్‌కు, రిజిస్ట్రేషన్‌కు ఎవరెవరో తిప్పుతారు. "మొదటి కిలోమీటర్లు" మన చేతికి వచ్చేసరికే కొన్ని అయిపోయి ఉంటాయి.

పైగా మన రోడ్లు. రెండు వైపులా మొక్కజొన్న గింజలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంచిన దారిలో, కొత్త టైర్ల మీద ఫుల్ థ్రాటిల్ (ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పడం) అంటే ఇంజిన్ సంగతి తర్వాత, మోకాళ్ల సంగతి చూసుకోవాలి. కొత్త టైరు పైన జారుడు ఉంటుంది. నూటయాభై కిలోమీటర్ల దాకా మలుపుల్లో బండిని వాల్చకపోవడం మంచిది. బ్రేకు షూలు, ప్యాడ్లు కూడా అప్పటికి పూర్తిగా కుదురుకోవు.

మాన్యువల్, మన రోడ్లు

విచిత్రం ఏమిటంటే, ఎవరూ చదవని పుస్తకంలో ఇదంతా ఉంది. సీటు కింద ప్లాస్టిక్ కవరులో పడి ఉంటుంది. హోండా వాళ్ల మాన్యువల్ మొదటి 500 కిలోమీటర్లకు చెప్పేది చాలా చిన్నది: ఫుల్ థ్రాటిల్‌తో బయల్దేరకండి, ఒక్కసారిగా వేగం పెంచకండి, గట్టి బ్రేకులు వేయకండి, గబుక్కున గేర్లు దించకండి, నెమ్మదిగా నడపండి. కొన్ని కంపెనీలు గేరు గేరుకూ వేగ పరిమితి పట్టిక ఇస్తాయి. ఒకే వేగంలో ఎక్కువసేపు నడపొద్దని, టాప్ గేరులో ఈడ్చొద్దని రాస్తాయి. మొదటి సర్వీసు బండిని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, మీ బండి పుస్తకంలో ఏముందో అదే చేయండి. వారంటీ మాట్లాడేది దాంతోనే, మా బావతో కాదు.

పుస్తకం చెప్పనిది ఏ దారిన పోవాలన్నది. హోనింగ్ చేయించాక మెకానిక్ నాకు చెప్పిన దారే మేనల్లుడికీ చెప్పాను. మొదటి రెండు వారాలు హైవే వద్దు. ఎస్.కోట వైపు పో, లేదా గజపతినగరం, రామభద్రపురం దాకా పోయి రా. ఊరు వస్తుంది, గేదెలు వస్తాయి, స్పీడ్ బ్రేకర్ వస్తుంది. గేరు దించుతావు, మళ్లీ ఎక్కిస్తావు. లాగుతావు, వదులుతావు. రింగులకు కావలసింది సరిగ్గా అదే. శ్రీకాకుళం వాళ్లయితే ఆమదాలవలస మీదుగా పాలకొండ రోడ్డు పట్టుకోవచ్చు. చిన్న బళ్లకు ఇంజిన్ చుట్లు చూపించే మీటరు చాలావాటికి ఉండదు కాబట్టి చెవే మీటరు. దడదడలాడితే గేరు దించాలి, అరుస్తుంటే ఎక్కించాలి. ఎక్స్‌లేటర్‌ను సగం దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, కొన్ని సెకన్ల పాటు తిప్పి వదిలేస్తే ఏ ప్రమాదమూ లేదు. అనంతగిరి ఘాట్ మీద అరకు ప్రయాణం, వెనక ఒకరు, బ్యాగులు, అదంతా మొదటి సర్వీసు అయ్యాక.

హైవే తప్పనిసరి అయితే? రోజూ భోగాపురం వైపో ఎచ్చెర్ల వైపో ఉద్యోగానికి పోయేవాళ్లు ఉంటారు. పర్వాలేదు. నలభై అయిదులో కొన్ని నిమిషాలు, యాభై అయిదులో కొన్ని నిమిషాలు, మధ్యలో వదిలేసి మళ్లీ అందుకోవడం. నేను చేసిన తప్పు వేగం తక్కువ కావడం ఒక్కటే కాదు, ముల్లు కదలకపోవడం.

పొద్దున్నే స్టాండ్ వేసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచి "ఇంజిన్ వేడెక్కిస్తున్నా" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. గాలికి చల్లారే ఇంజిన్‌కు నిలబడి ఉన్నప్పుడు గాలే తగలదు. పైగా చల్లటి ఇంజిన్‌లోకి పెట్రోల్ ఎక్కువ పోతుంది, అది గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చినప్పటి నుంచి దాదాపు అన్ని బళ్లలోనూ కార్బ్యురేటర్ బదులు పెట్రోల్ ఇంజెక్షనే, చోక్ లాగే పని కూడా లేదు. స్టార్ట్ చేసి హెల్మెట్ పెట్టుకునేంత సేపు ఆగితే చాలు. మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పోవాలి. చల్లటి ఇంజిన్‌కు రేజింగ్ ఇవ్వడం మాత్రం పాత బండికీ పాపమే.

దీనికి ఇంకో కొసన ఉన్నది చిన్న ప్రయాణాల బాధ. ఇంటి నుంచి స్కూలుకు కిలోమీటరు, మళ్లీ ఇంటికి కిలోమీటరు. ఇంజిన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. తడి, పెట్రోల్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. వానాకాలంలో ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ నురగలా తెల్లగా కనబడేది ఇదే. అలాంటివాళ్లు కొత్త బండిని వారానికి రెండుసార్లైనా అరగంట పాటు తిప్పుకుని రావాలి.

మా వైపు ఇంకో సమస్య ఉంది. సెలవు మీద ఇంటికి వచ్చిన జవాను బండి కొంటాడు, రెండు వందల కిలోమీటర్లు తిరుగుతాడు, సెలవు అయిపోయి వెళ్లిపోతాడు. బండి వసారాలో గోనెపట్టా కప్పుకుని నెలల తరబడి నిలబడుతుంది. సర్వీసు బుక్కులో కిలోమీటర్లతో పాటు రోజులు కూడా రాసి ఉంటాయి, ఏది ముందైతే అది. బండి తిరగకపోయినా గడువు తిరుగుతుంది. తమ్ముడెవరినైనా తీసుకెళ్లి ముద్ర వేయించమని చెప్పి వెళ్లడం మేలు.

మొదటి ముద్ద

ఇక మొదటి ఆయిల్. మన బళ్లలో ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్‌కు అన్నిటికీ ఒకే ఆయిల్, అదీ చిన్న బళ్లలో ఇంచుమించు లీటరే. రింగుల పొడి, గేరు పళ్ల పొడి, క్లచ్ పొడి అంతా అందులోనే. అందుకే మొదటి సర్వీసులో ఏది మానినా ఆయిల్ మానకూడదు. దాంతో పాటు ట్యాపెట్ (వాల్వుల సందు) చూస్తారు, సాగిన చైను బిగిస్తారు, క్లచ్ కేబుల్ సరిచేస్తారు. పుల్లల చక్రాలైతే పుల్లలు బిగించమని అడగండి.

కొత్త ఇంజిన్‌లో సింథటిక్ ఆయిల్ పోస్తే రింగులు కూర్చోవన్న మాట కూడా బాగా తిరుగుతోంది. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే సింథటిక్ పోసి పంపుతున్నాయి, వాటి రింగులు కూర్చుంటూనే ఉన్నాయి. పుస్తకంలో రాసిన గ్రేడు, డబ్బా మీద జాసో (బళ్ల ఆయిల్‌కు జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అన్న అక్షరాలు చూసుకుంటే చాలు. గేర్ల బండిలో కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది, భయపడాల్సింది దానికి. స్కూటర్లకు ఎంబీ అని వేరే ఉంటుంది.

ఆయిల్ దించేటప్పుడు దగ్గర నిలబడండి. ఒకసారి ఒకచోట నాకు మార్చామని బిల్లు ఇచ్చారు. ఇంటికొచ్చి స్టిక్ తీస్తే తారులా ఉంది. అప్పటి నుంచి టీకి రమ్మన్నా కదలను.

మేనల్లుడి బండి 512 దగ్గర సర్వీసుకు వెళ్లింది. నేనూ వెళ్లాను. కుర్రాడు కింద బోల్టు విప్పగానే ట్రేలోకి సన్నటి ధార పడింది. ఎండలోకి జరిపి చూస్తే బూడిదరంగు ఆయిల్‌లో వెండిపొడి కలిపినట్టు మిలమిల. వేళ్ల మధ్య రుద్దితే గింజ తగలలేదు. గింజలా, పొట్టులా తగిలితే అడగాల్సింది ఉండేది. మేనల్లుడు వేలు ముంచి చూసుకుని, గుడ్డకు తుడుచుకుని, "ఇంత పొడే?" అన్నాడు. అమ్మమ్మ రోలు సంగతి వాడికి అక్కడే చెప్పాను.

సాయంత్రం ఇంటికి వచ్చి, వాళ్ల నాన్న వినేలా, "ఇప్పుడు అరవై పోవచ్చంట" అన్నాడు. బావ పేపర్లోంచి తల ఎత్తలేదు.

"నలభైలో పోతే ఏటి, ఊరు పారిపోద్దా?" అన్నాడు.